సోమవారం లాగిన గుంటక

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్క వెల్డింగు షాపు ముందు నిలబడితే కాలిన ఇనుము వాసన గుప్పున తగిలింది. మా తమ్ముడి ట్రాక్టరుకు ముందుండే లోడర్ బకెట్‌కు బ్లేడు మారుస్తున్నారు. తుప్పుతో బిగుసుకుపోయిన బోల్టులను గ్యాసుతో కోసి, మట్టినీ కంకరనూ గీకి గీకి సగం అరిగిపోయిన పాత బద్దను కింద పడేశారు. "ఇంగ నాలుగు దినాలు ఆగింటే బకెట్టే అరిగిపోతాండె కదక్కా" అన్నాడు తమ్ముడు. నేను వింటేగా! దేవనకొండ దగ్గర మా ఊరి కొలిమి కాడికి ఎప్పుడో వెళ్లిపోయాను.

తొలకరి పడితే చాలు, ఊళ్లోని గుంటకల పాసలన్నీ అక్కడికి చేరేవి. పాస అంటే, విత్తే ముందు నేలను గీకి కలుపు తీసే గుంటకకు అడుగున బిగించే ఇనప బద్ద. బొగ్గుల సెగ, తిత్తి బుసలు, ఎర్రగా కాలిన ఇనుము మీద సమ్మెట దెబ్బలు, జొన్నరొట్టే పుంటికూరా మూటగట్టుకొచ్చి వరస కోసం కూర్చున్న పెద్దల పరాచికాలు, వాళ్ల కాళ్ల సందున గచ్చకాయలాడే మేము. సోమవారం మరీ సందడి. మా వైపు అది బసవన్న వారం, ఆ రోజు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు.

ఒక ఏడు శనివారం వాన పడింది. ఆదివారమంతా చేను బురద. సోమవారం పొద్దున్నే నాయన అరిగిన పాస తీసేసి కొత్తది వేయించుకొచ్చాడు గానీ, ఎద్దులను కట్టరాదాయె. ఎండేమో నిప్పులు చెరుగుతోంది. ఆ రోజు గుంటక తోలకపోతే మంగళవారం విత్తడం కుదరదు, బుధవారానికి నేలలో పదును ఉండదు, అప్పుడు విత్తితే ఇంట్లో ఉన్న కాసిని విత్తనపు బుడ్డలూ మట్టిపాలే. వేరుశనగను మేం బుడ్డలంటాం. మళ్లీ విత్తనం తెచ్చే తాహతు మాకెక్కడిది? నాయన గట్టు మీద తల పట్టుకొని కూర్చున్నాడు.

"సోమారం ఎద్దులకప్పా, మనుసులకు యాడిది? లెయ్!" అంది మా అవ్వ, నాయన వాళ్లమ్మ.

అమ్మా నాయనా కాడి భుజాలకెత్తుకున్నారు, అవ్వ వెనక మేడి పట్టింది. ఎద్దులు రెండూ గట్టు మీద నెమరేస్తూ దొరల్లా చూస్తున్నాయి. "సూడండి, ఎంత సోకుగా సూస్తాండాయో!" అని అమ్మ రొప్పుతూనే నవ్వింది. నేనూ తమ్ముడూ మట్టిలో పడి దొర్లి దొర్లి నవ్వాం. పొద్దు వాలేసరికి సగం చేను అయింది. ఇంటికొచ్చాక అవ్వ అమ్మ కందిన భుజానికి వెచ్చని ఆముదం రాసింది. అమ్మ లేచి పొయ్యి ముందు కూర్చొని అందరికీ రొట్టెలు తట్టింది.

ఆ ఏడు మొలిచింది, మంగళవారం విత్తిన ఆ సగమే. మాకు తిండీ, మరుసటి ఏటికి విత్తనమూ అందులోంచే వచ్చాయి. ఉడికించిన పచ్చి బుడ్డలు ఒళ్లో పోసుకొని మేం అరుగు మీద కూర్చుంటే, అమ్మ కాయలు ఒలుస్తూనే ఉండేది.

కొత్త బ్లేడు బిగించడం అయిపోయింది. తమ్ముడు బండి స్టార్టు చేశాడు. ఇప్పుడు మా ఊళ్లో కొలిమి లేదు, కాడెద్దులు లేవు, ఈ రోజు ఏ వారమని అడిగి చేలోకి దిగేవాళ్లూ లేరు. ఎద్దుల సెలవు కోసం అంత పట్టుబట్టిన ఇంట్లో అమ్మకు ఏ వారమూ సెలవు లేదని ఆ రోజు మాలో ఒక్కరికీ తట్టలేదు. అమ్మా, ఈ పొద్దు నువ్వు ఊరికే కూర్చో, అని ఒక్కసారి అనాలని ఉంది. అనడానికి అమ్మ లేదు.