సల్లవడ్డది

టీచర్ ఉద్యోగ పరీక్ష కోసం అలంకారాలు మళ్లీ మొదటి నుంచి చదువుతున్న రోజులవి. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్నే. అయినా ఉపమకూ ఉత్ప్రేక్షకూ తేడా ఏమిటని అడిగితే తడబడేదాన్ని. అందుకే శని, ఆదివారాలు జనగామలో పుట్టింట్లో ఉండి కోచింగ్ క్లాసులకు పోయేదాన్ని. పాప టేకుమట్లలో మా అత్తమ్మ దగ్గర ఉండేది. మా ఆయనది భూపాలపల్లి బొగ్గుబాయిలో పని. కిందికి దిగితే మళ్లీ పైకి వచ్చేదాకా ఫోన్ ఉండదు.

ఆ ఆదివారం శ్లేష చెప్పారు. సారు బోర్డు మీద ఒకే వాక్యం రాశారు: అన్నదమ్ములు పాలు పంచుకున్నారు.

"ఏం పంచుకున్నరమ్మా? చెంబుల పాలా, చెల్కల పాలా?"

వెనక బెంచీ నుంచి ఒకామె, "మా ఇంట్లనైతే రెండిటికీ కొట్లాడిన్రు సార్" అంది. అందరం నవ్వాం. పాలంటే తాగేవీ, పొలంలో వాటాలూ; ఒకే మాటకు రెండు అర్థాలు, రెండూ నిలబడాలి అని రాసుకున్నాను.

మధ్యాహ్నం అత్తమ్మ ఫోన్ చేసింది. పాపకు జ్వరం, ఒళ్లు కాలిపోతోందట. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి మందు పోసి పోయాడట. "పరేషాన్ గాకు, నేనున్న గద" అంది. నేను సంచి భుజాన వేసుకుని బస్టాండుకు నడిచాను.

హనుమకొండలో బస్సు మారాను. పరకాల దాటాక అత్తమ్మ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆమెకు రాయడం రాదు. బటన్ నొక్కి మాట్లాడి పంపడం మా ఆయన నేర్పాడు.

"బిడ్డా... పిల్ల సల్లవడ్డది."

అంతే, ఇంకేమీ లేదు.

మా పుట్టింట్లో ఆ మాట నేను ఒక్కసారే విన్నాను. తాత పోయిననాడు ఆయన పాదాలు పట్టుకుని చూసిన మా పెద్దమ్మ "సల్లవడ్డడు" అంది. ఆ వెంటనే ఇల్లంతా ఏడుపు. జ్వరం దిగినా ఒళ్లు చల్లబడుతుందని నాకు తెలియక కాదు. కానీ చెవిలో పెద్దమ్మ గొంతే మోగింది.

తిరిగి ఫోన్ చేస్తే అత్తమ్మ ఎత్తలేదు. మా ఆయన ఫోన్ స్విచాఫ్. ఇద్దరికీ చేస్తూనే ఉన్నాను. మధ్యమధ్యలో మెసేజ్ మళ్లీ పెట్టుకుని విన్నాను. 'బిడ్డా' అన్నాక ఆమె ఆగింది. ఆ ఆగడంలో ఏడుపుందా, అలసట ఉందా అని ఫోన్‌ను చెవికి అదుముకుని వెతికాను. వెనక ఎక్కడో కోడి అరుపు తప్ప ఏమీ వినపడలేదు.

పక్క సీట్లో మహబూబాబాద్ దిక్కు తండా నుంచి కూతురింటికి పోతున్న అవ్వ కూర్చుంది. "ఏంది బిడ్డా, ఫోన్ చెవికాడికెళ్లి తీస్తలేవ్?" అంది. పాపకు జ్వరమని చెప్పి మెసేజ్ వినిపించాను.

"అవ్వా, గీమె ఏడుస్తున్నట్టున్నదా, మామూలుగనే ఉన్నదా?"

అవ్వ కళ్లు మూసుకుని వింది. "మా ఇంట్ల మాట వేరే బిడ్డా. తెలుగంటవా, బస్సుకాడ, దవాఖానకాడ నడిచేటంత వస్తది. గామె గొంతుల ఏమున్నదో నేనెట్ల చెప్త?" అని నా చెయ్యి పట్టుకుంది. కండక్టర్ అటు వస్తే, "బండి జర జల్ది పోనియ్యమను కొడుకా" అని కేకేసింది.

"రెక్కలు కట్టాల్నా అవ్వా?" అన్నాడతను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతనికేం తెలుసు.

ఆటో దిగి ఇంటి ముందు ఎన్ని జతల చెప్పులున్నాయోనని దూరం నుంచే చూశాను. అత్తమ్మవి తప్ప లేవు. లోపల మంచం మీద ఆమె, ఆమె ఒళ్లో పాప. పాప పొట్ట పైకీ కిందికీ కదులుతోంది. సంచి గడపలోనే పడేసి మంచం దగ్గరికి పోయాను.

"ఫోనెందుకు ఎత్తలే అత్తమ్మా?"

"అవుతల అర్రల ఉన్నది. నేను లేస్తే పిల్ల లేస్తది."

"తగ్గిందని చెప్పొచ్చు గద! సల్లవడ్డదంటే నేనేమనుకోవాలె?"

అత్తమ్మ చెయ్యి చాపి నా నోరు మూసింది. "గట్లనకు! తగ్గిందని నోటితోని అంటే మల్ల తిరగబెడ్తది. పిల్లలున్న ఇంట్ల గా మాట అంటరా? గంత గుడ తెల్వదా? మరి గక్కడ ఏం సదువుతున్నవే?"

ఆమె నా పాపను కాపాడుకోవడానికే ఆ మాట ఎంచుకుంది. దారి పొడుగునా నన్ను చంపింది కూడా అదే మాట.

పొద్దుగూకే వేళకు మా ఆయన బాయి నుంచి పైకి వచ్చి ఫోన్ చేశాడు.

"ఏమైంది? గిన్నిసార్లు చేసినవ్?"

"పాపకు జరమొచ్చింది."

"ఇప్పుడు తగ్గిందా?"

అత్తమ్మ నా పెదవుల వైపే చూస్తోంది. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా 'తగ్గింది' అనే మాట గొంతు దాటలేదు. అత్తమ్మలా 'సల్లవడ్డది' అనడానికీ నోరు రాలేదు.

"పండుకున్నది" అన్నాను.

"పండుకున్నది సరే, తగ్గిందా లేదా? జర చెప్పరాదు!"

పాప నుదుటి మీద చెయ్యి పెట్టాను. ఇందాకటి కన్నా వెచ్చగా తగిలింది. నా చెయ్యే చల్లగా ఉందేమో అనుకుని చెంప ఆనించి చూశాను. అప్పటికీ తేలలేదు.

"నువ్వు జల్ది ఇంటికి రా" అన్నాను.