సాయంత్రం చూద్దామనుకున్న పిన్ను

నాలుగేళ్ల కిందట, జూన్ నెలలో ఒక శుక్రవారం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. కార్ల వైరింగు, సెల్ఫ్ మోటార్లు, తాళాలు చూస్తాను. అప్పటికే ఆ పనిలో ఇరవై రెండేళ్లు. నా చేతికి లొంగని కారు లేదని కొంచెం పొగరు కూడా ఉండేది.

పదకొండు గంటలకు విజయక్క ఫోన్ చేసింది. ఆమె మా సందు చివరి ఇంట్లో వంట చేసి, గవర్నమెంట్ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలకు మధ్యాహ్నం భోజనం ఇస్తుంది. డబ్బాలన్నీ పాత కారులో పెట్టుకుని తానే నడుపుకుంటూ వెళ్తుంది. యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి.

“తమ్మీ, చాబీ లోపలనే ఇరిగింది. సగం నా చేతిల ఉన్నది, సగం అండ్ల ఉన్నది. డబ్బాలన్నీ ఎక్కించిన. జర జల్ది రా.”

సంచీ పట్టుకుని వెళ్లాను. ఇగ్నిషన్ లాక్ అంటే బయటికి చాబీ పెట్టే రంధ్రమే కనిపిస్తుంది. లోపల చాబీని పట్టే బ్యారెల్, దాని వెనక ఇంజనుకు కరెంటు ఇచ్చే స్విచ్ ఉంటాయి. వీటికి తోడు స్టీరింగ్ లాక్ ఒకటి. చాబీ తీయగానే స్ప్రింగు ఒక ఇనప పిన్నును ముందుకు తోస్తుంది. అది స్టీరింగు రాడ్డు గాడిలో పడి, స్టీరింగు తిరగకుండా పట్టేస్తుంది. దొంగలు బండి నడుపుకుపోకుండా చేసిన ఏర్పాటు.

ఆ బ్యారెల్ బాగా అరిగిపోయింది. స్క్రూడ్రైవర్‌తో దాన్ని తిప్పి, సన్నటి పకారుతో విరిగిన ముక్క బయటికి లాగాను. కొత్త లాక్ కోసం కోఠి దాకా వెళ్లి వెతకాలి.

“పన్నెండున్నరకు పిల్లలు ప్లేట్లు పట్టుకోని నిలవడతరు. ఏదో ఒకటి చెయ్యి తమ్మీ,” అంది అక్క.

స్విచ్ వైర్లు బయటికి తీసి, డాష్‌బోర్డు కింద వేరే స్విచ్, ఒక బటన్ కట్టాను. నొక్కగానే ఇంజను అందుకుంది. పిన్ను సంగతి ఒక్క క్షణం మనసులో మెదిలింది. బిగుసుకుంటే బండి ఆపినప్పుడు బిగుసుకుంటుంది, సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. ఆమెతో ఆ మాట అనలేదు.

“నీ చెయ్యి సల్లగుండ,” అని అక్క వెళ్లిపోయింది.

షాపుకు వచ్చి కూర్చున్న కాసేపటికి ఒక పెద్దాయన స్కూటర్ తెచ్చి ఆపాడు. హ్యాండిల్ పక్కకు తిప్పి తాళం వేశాడు. టక్‌మని పడింది. “హారన్ మోగుతలేదు శ్రీనూ,” అంటున్నాడు. నాకు ఆ టక్ తప్ప ఇంకేమీ వినిపించలేదు.

విరిగిన చాబీ ముక్క నేనే లాగేశాను. ఇక ఆ పిన్నును వెనక్కి పట్టి ఉంచేది పాత గ్రీజు ఒక్కటే. ఒక్క గుంతలో కుదిపితే చాలు, అది ముందుకు రావచ్చు. బండి ఆగి ఉందా, పరుగెత్తుతోందా అని పిన్నుకేం తెలుసు? మలుపులో స్టీరింగు బిగుసుకుంటే ఆమె ఏం చేయగలదు?

ఫోన్ చేశాను. ఎత్తలేదు. నడుపుతున్నప్పుడు ఫోన్ ఎత్తదు. మంచి అలవాటే, కానీ ఆ రోజు దాన్ని తిట్టుకున్నాను. “వస్తా సార్, ఒక మనిషి పానం మీదికి వచ్చేటట్టున్నది,” అని పెద్దాయనకు చెప్పి బైకు తీశాను.

అశోక్‌నగర్‌లో మొదటి హాస్టల్ ముందు పిల్లలు తింటున్నారు. “ఆంటీ ఇప్పుడే పోయిందన్నా.” రెండో హాస్టల్‌లోనూ అదే మాట. అక్కడ దించాక ఆమె వెళ్లేది నారాయణగూడ వైపు, ఫ్లైఓవర్ అవతలి హాస్టల్‌కు. బస్సులు, ఆటోలు, అడ్డంగా దూసుకొచ్చే బైకులు. వాటి మధ్య స్టీరింగు బిగుసుకున్న ఆ కారును ఊహించుకున్నాను.

బైకు తిప్పుతుండగా జేబులో ఫోన్ మోగింది. విజయక్క పేరు. ఎత్తడానికి భయమేసింది. ఆమె ఫోన్‌లోంచి ఇంకెవరి గొంతో వినిపిస్తుందేమోనని.

“ఏం రిపేర్ చేసినవ్‌రా నువ్వు! స్టీరింగ్ ఇంచు తిరుగుతలేదు!”

“అక్కా, బండి ఆగున్నదా?”

“స్టీరింగే తిరగకపోతే ఎట్ల నడుస్తది? రోడ్డెక్కే ముందు నిమ్మకాయలకని ఆపిన. ఎక్కి తిప్పితే టక్కన పట్టేసింది. పిల్లలు ఆకలి మీద ఉంటరు, నన్ను ఇట్ల పరేషాన్ చేస్తవా?”

అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను. ఆమె ఇంకా తిడుతూనే ఉంది. ఇరవై రెండేళ్లలో ఏ మెచ్చుకోలూ నాకు అంత హాయిగా వినిపించలేదు.

రెండు సందుల అవతల, మెయిన్ రోడ్డుకు పది అడుగుల దూరంలో కారు దొరికింది. నిమ్మకాయల సంచీ పట్టుకుని అక్క పక్కనే నిలబడి ఉంది. దాచకుండా మొత్తం చెప్పాను, పిన్ను సంగతి తట్టినా వదిలేశానని కూడా. ఆమె ముందున్న రోడ్డు వైపు చూసింది. మళ్లీ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“గీ ముచ్చట పొద్దుగాలనే చెప్తే నేను ఆటోల పోదును కద తమ్మీ,” అంది.

ఆటో పిలిచి డబ్బాలన్నీ అందులోకి మార్చాను, నేనూ ఎక్కి నారాయణగూడలో దించి వచ్చాను. పిల్లలు తినేసరికి ఒంటిగంట దాటింది. తర్వాత కోఠి వెళ్లి లాక్ తెచ్చి, కారు అక్కడే ఉంచి మొత్తం మార్చాను. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి, గుంతలున్న సందుల్లో నేనే నడిపి చూసి, అప్పుడు చాబీ ఆమె చేతికిచ్చాను. మరునాడు మధ్యాహ్నం ఆ కారు నా షాపు ముందు నుంచి మామూలుగా వెళ్తుంటే, చేతిలో పని ఆపి అది మలుపు తిరిగేదాకా చూశాను.

అంతవరకు నా పని బండిని కదిలించడమే అనుకునేవాణ్ని. ఇప్పుడు తాత్కాలికంగా ఏ పని చేసినా, చేసింది చెప్పేముందు చేయనిది చెప్తాను. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. కొందరు కారు అక్కడే వదిలి ఆటో ఎక్కుతారు. వాళ్ల వెనక నేను బైకు వేసుకుని పరుగెత్తాల్సిన పని ఉండదు.