మేస్త్రి మేకు, సముద్రంలో దిమ్మె

సముద్రంలో జెట్టీ కట్టడానికి సిమెంటులో బూడిద కలుపుతారని విన్న రోజు నుంచి మా ఆయన మస్తాన్‌కి అన్నం సహించలేదు. కనిగిరిలో ఇళ్ళు కట్టే మేస్త్రి ఆయన. బూడిద కలపడమంటే పాలల్లో నీళ్ళు పోయడమే అంటాడు. ఊళ్ళో పనుల్లేక కూలీలు మా గుమ్మంలో కూర్చుంటున్నారు. అయినా జెట్టీ పనికి రమ్మని పిలుపొస్తే, కళ్ళతో చూడందే ఒప్పుకోనన్నాడు. సముద్రం చూడొచ్చు కదా అని నేనూ బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు బస్టాండుకు చేరాం. వయోజనుల బడిలో నిరుడే అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి బోర్డు చదివి, సింగరాయకొండ బస్సు ఇదేనన్నాను. ఆయన డ్రైవర్ని అడిగాడు, కండక్టర్ని అడిగాడు, వేరుశనక్కాయలమ్మే ఆమెను కూడా అడిగి అప్పుడు ఎక్కాడు. ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, డబ్బులు ఆయనకే. కిటికీ సీటు మాత్రం నాది. ఆ రెండు సంగతులూ దారి పొడుగునా గుర్తుచేస్తూ వచ్చాను.

కందుకూరులో ఇడ్లీలు తిన్నాం. అక్కడ ఎక్కిన మిరప రైతు ఒకాయన మా ఆయన గోడు విని, "బూడిద మేం నారుమళ్ళో పురుక్కి చల్లుతాం మేస్త్రీ. సముద్రంలో ఏం పురుగుందంట?" అన్నాడు. మా ఆయన దిగేదాకా ఆ మాటే తలుచుకుని నవ్వాడు.

తొమ్మిదిన్నరకు సింగరాయకొండలో దిగి, షేర్ ఆటోలో ఒడ్డుకు వెళ్ళాం. వెళ్ళేవాళ్ళు గొడుగు పట్టుకెళ్ళండి, అక్కడ నీడ లేదు. జెట్టీ పని చూసే ఇంజనీరమ్మాయి సుజాత రెండు గుట్టలు చూపించింది. ఒకటి కరెంటు కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలిన బూడిద, రెండోది ఇనుము కరిగించినప్పుడు తేలే చిట్టెం పొడి. వీటిని కాంక్రీటులో కలిపి, పైపు గుండా నీళ్ళడుగుకు పోస్తారట.

మా వైపు మేస్త్రీలు ఎవరి పని చూసినా ముందు మేకుతో గీకుతారు. మస్తాన్ జేబులోంచి మేకు తీసి, వారం కిందట పోసిన కాంక్రీటు దిమ్మెను గీకాడు. పొడి రాలింది.

"చూశావామ్మా? దీన్ని నీళ్ళలో దించితే చేపలు తినేస్తాయి."

"ఇది గట్టిపడటం నిదానం, మేస్త్రి గారూ. తొందరపడి గీకకండి," అని సుజాత నవ్వి, నిరుడు పోసి ఉప్పునీళ్ళలో ఉంచిన దిమ్మెను బయటకు తీయించింది.

ఆయన నిలబడి గీకాడు, కూర్చుని గీకాడు. మేకు మొన వంగింది. దిమ్మె మీద గీత పడలేదు. ఉప్పు లోపలి ఇనుప చువ్వలదాకా పోయి తుప్పు పట్టించకుండా బూడిదా చిట్టెమూ సందులు పూడుస్తాయని ఆ అమ్మాయి చెప్పింది. రైతు అడిగిన పురుగు ఈ ఉప్పేనని నాకప్పుడు తెలిసింది.

మస్తాన్ మేకు జేబులో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఈ వయసులో మళ్ళీ పని నేర్చుకోవాలంటావా?" అన్నాడు మెల్లగా.

"నేను పలక కొన్నప్పుడు మీరన్నదీ ఇదే."

ఆయన సుజాత దగ్గరికి తిరిగి వెళ్ళి, సోమవారం కూలీలతో వస్తానని చెప్పాడు.

చేపల పులుసుతో భోంచేసి నాలుగింటికి బస్టాండుకు వచ్చాం. సముద్రం చూద్దామని వెళ్ళినదాన్ని, దిమ్మెనే ఎక్కువ చూశాను. మూడు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. మస్తాన్ అలవాటుగా సోడా కొట్టువాడి వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"మనది ఏదో చూడు," అన్నాడు నాతో.

చూపించాను. ఎవరినీ అడక్కుండా ఎక్కి, వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాడు. డబ్బులిచ్చేది ఆయనే కదా అని ఊరుకున్నాను.