ఓబులేసన్న గాలి ఎక్కువ పట్టించలేదు

సంతాప సభలో నాకు మైకు ఇవ్వలేదు. మాట్లాడేవాళ్ల పేర్లు అడిగినప్పుడు అందరికంటే ముందు నా పేరు చెప్పి, ముందు వరుసలోనే కూర్చున్నాను. చివరికి "టైము అయిపోయిందన్నా, జనం ఎండలో ఉండారు" అన్నారు. నీళ్ల కాంట్రాక్టరుకు మాత్రం టైము ఉంది. ఆయన ఓబులేసన్న ఫోటోకు దండ వేసి, కండువాతో కళ్లు ఒత్తుకుని, "మంచి డ్రైవరు. కాకపోతే గాలి పిచ్చోడు. టైర్లకు గాలి ఎక్కువ పట్టించి ప్రాణం మీదికి తెచ్చుకున్న్యాడు" అన్నాడు. అందరూ తలలు ఊపారు. అంతకుముందు కాంట్రాక్టరు ఆఫీసులో అది నిజం కాదని చెప్పబోతే గుమ్మం దగ్గరే ఆపారు. పోలీసు స్టేషన్లో చెప్పబోతే కూర్చోమని కూడా అనలేదు. ఈ పత్రికవాళ్లు ఓబులేసన్న గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఇక్కడ మైకు లాక్కునేవాళ్లు లేరు కాబట్టి చెబుతున్నాను.

ఓబులేసన్న మా పెదనాయన కొడుకు. ఈ కరువు ఏళ్లలో బుక్కరాయసముద్రం అవతల ఒక బోరు దగ్గర పికప్ బండి మీది ట్యాంకు నింపుకుని, మా పల్లెలకు తాగునీళ్లు తోలేవాడు. ఆయన మరణవార్త నాకు బిందెల వరుసలోనే తెలిసింది. ఆయన బండి కోసమే మేమందరం రోడ్డు మీద కూర్చుని ఉన్నాం. సైకిల్ మీద వచ్చిన మనిషి దిగకుండానే, "బండి మలుపు కాడ పల్టీ కొట్టింది. అన్న లేడు" అన్నాడు. ఆ మాట విన్న తర్వాత కూడా చాలాసేపు నేను బండి వస్తుందనే రోడ్డు వైపు చూస్తూ ఉన్నాను. బుద్ధికి అందిన వార్త మనసుకు అందడానికి అంత సమయం పట్టింది.

సభలో ఎవరో ఆయన్ను మృదుభాషి అన్నారు. ఆయన్ను ఎరిగినవాళ్లెవరూ అనరు ఆ మాట. నోరు పెద్దది, మీసం పెద్దది, హారన్ అంతకంటే పెద్దది. అద్దంలో తన మీసం చూసుకోకుండా బండి కదిలించేవాడు కాదు. ఎవరి మాటా వినడు. నన్నయితే ఒకసారి నడిఎండలో రోడ్డు మీద దించేశాడు. అనంతపురం నుంచి వస్తూ నిండు ట్యాంకు బండి ఆపి ఎక్కాను. కొంతదూరం వచ్చాక బండి ఆపి, దిగి, వెనక టైరు మీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"దిగప్పా" అన్నాడు.

"యాడ దిగేది? ఊరు ఇంకా దూరముండాది."

"నిన్ను చూస్తే రెండు మూటల బరువుండావు. టైరు కాలుతాండాది. నువ్వు నడిస్తే చెమట పడుతుంది, అది నడవకపోతే ఇద్దరమూ పోతాం."

చిన్నాయన కొడుకునని కూడా చూడలేదు. ఆ సంవత్సరం ఉగాదికి నేను వాళ్ల ఇంటి గడప తొక్కలేదు. ఇప్పటికీ ఆ సంగతి నేను మరిచిపోలేదు. అయితే సొంత మనిషి కోసం కూడా టైరు మీద బరువు పెంచనివాడు, గాలి విషయంలో ఒళ్లు మరిచాడంటే నేనెట్లా నమ్మాలి?

ఆయన బండిని ఏ రాత్రీ ఇంటి ముందు పెట్టుకోలేదు. మస్తాన్ పంక్చర్ షాపు ముందు నిలిపి, ఇంటికి నడిచి వచ్చేవాడు. తెల్లవారి చక్రం ఒక్క చుట్టు కూడా తిరగకముందే గాలి కొలిపించేవాడు. ఇంటి నుంచి షాపు దాకా బండి నడిపితే టైరు వేడెక్కి గేజు అబద్ధం చెబుతుందని ఆయన లెక్క. "చక్రం తిరగకముందు చూసేది గాలి. తిరిగినంక చూసేది వేడి" అనేవాడు. నిండు ట్యాంకు మోసే వెనక చక్రాలకు ఎంత పట్టాలో, ముందు వాటికి ఎంత చాలో మస్తాన్‌కు రోజూ చెప్పేవాడు. మస్తాన్ రోజూ, "రేపు కూడా ఇదే చెప్తావు గదా భాయ్, ఇప్పుడే విని పెట్టుకుంటా" అని నవ్వేవాడు.

మా ప్రాంతంలో అందరిదీ వేరే పద్ధతి. ఎండలు ముదిరితే గాలి ఉబ్బి టైరు పగులుతుందని, మధ్యాహ్నం వాల్వు నొక్కి గాలి వదిలేస్తారు. ట్రాక్టర్లవాళ్లూ అంతే, స్కూటర్లవాళ్లూ అంతే. ఓబులేసన్న కూడా వయసులో అదే చేసి, శెనక్కాయ మూటల బండిని కదిరి రోడ్డులో బోల్తా కొట్టించినవాడే. గాలి తక్కువైన టైరు బరువు కింద నలిగి, మడతపడి, ఆ రాపిడికే కాలి చీలిపోతుందని ఆయనకు తెలిసింది అప్పుడే. కాలు విరిగి మంచం మీద ఉన్నప్పుడు నేర్చిన పాఠం కాబట్టి, దాని గురించి ఎవరితోనూ మెత్తగా మాట్లాడేవాడు కాదు.

ఇక టైర్ల సంగతి. కాంట్రాక్టరు తన జీపుకు కొత్త టైర్లు వేయించి, పాతవి ఈ నీళ్ల బండికి ఎక్కించాడు. వెడల్పాటి టైర్లు, పెద్ద పెద్ద గడ్డల అచ్చు, చూడటానికి ఏనుగు పాదాల్లా ఉండేవి. మా ఊరివాళ్లకు అది గౌరవంగా తోచింది. కాంట్రాక్టరు జీపు టైర్లు మా నీళ్ల బండికి వచ్చాయని పసుపు పూసి, టెంకాయ కొట్టారు. ఓబులేసన్న ఒక్కడే టైరు పక్కన కూర్చుని, దాని మీద అచ్చువేసిన బరువు అంకె చూసి లేచాడు.

"ఇవి జీపువన్నా. మనుషుల్ని మోసేవి. ట్యాంకు మోసేదానికి లారీ టైరు మాదిరి గట్టి పక్కలుండేవి కావల్ల."

"నన్ను మోసిన టైర్లురా అవి. నీళ్లు మొయ్యలేవా?" అన్నాడు కాంట్రాక్టరు.

"నువ్వెంత బరువుండావో చెప్పన్నా, ట్యాంకు ఎంతుండాదో నేను చెప్తా."

అందరూ నవ్వారు. కాంట్రాక్టరు కూడా నవ్వాడు, కానీ టైర్లు మార్చలేదు.

అప్పటి నుంచి ఓబులేసన్న ట్యాంకు సగమే నింపి, రెండు మార్లు తిరిగేవాడు. అందుకు మా ఊరు ఆయనకు ఏం చేసింది? 'సగం ట్యాంకు ఓబులేసు' అని పేరు పెట్టింది. మిగతా నీళ్లు దోవలో అమ్ముకుంటున్నాడని కూడా అన్నారు. అన్నవాళ్లలో కొందరు సభలో ఏడ్చారు. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఇక్కడ రాయకపోవడం మరిచిపోయి కాదు.

ఆ చివరి రోజు మా ఊరివాళ్లం నీళ్లు రాలేదని ఖాళీ బిందెలతో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నాం. కబురు కాంట్రాక్టరుకు చేరింది. బోరు దగ్గర సూపర్‌వైజరుగా ఉండేది కాంట్రాక్టరు బావమరిది. ఓబులేసన్న చెట్టు కింద సంగటి తింటుండగా అతను ట్యాంకు మూతిదాకా నింపించాడు. ఎండకు పగులుతాయని వెనక చక్రాల గాలి వదిలాడు. ఇది నేను కల్పించింది కాదు. పక్క తోటలో కూలికి పోయిన మా ఊరి లక్ష్మక్క కళ్లారా చూసింది, చెవులారా విన్నది.

"చక్రం కాడ కూసోని బుస్సుమని వదిలినాడప్పా" అని చెప్పింది నాకు. "ఓబులేసన్న సెయ్యి కూడా కడుక్కోకుండా వచ్చినాడు. 'ఏం పని చేసినావు? సగం నీళ్లు వదిలి, మస్తాన్ కాడికి పోయి గాలి పట్టించి పోతా' అన్న్యాడు. ఆయప్ప, 'ఆడ జనం రోడ్డు మీద కూసోనుండారు, మా బావ మాట పోతాండాది, నేరుగా పో' అన్న్యాడు. 'ఆడోళ్లు ఎండకు పడిపోతాండారంట' అని కూడా అన్న్యాడు. ఆ మాటకే ఓబులేసన్న బండెక్కినాడు."

మలుపు దిగుడులో వెనక టైరు పోయింది. నేను వెళ్లి ఆ ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాను. పక్క రబ్బరు చుట్టూరా తెగి ఉంది. లోపల రాసుకుపోయి నల్లటి పొడి రాలింది. మస్తాన్‌కు చూపిస్తే తల పట్టుకున్నాడు. గాలి ఎక్కువై పగిలిన టైరు లోపల అట్లా పొడి కాదు. పగిలిన ట్యాంకులోంచి వచ్చిన నీళ్లు రోడ్డు పక్క గుంతలో నిలిచాయి. దప్పికతో ఉన్న ఊరు మాది. అయినా ఆ నీళ్లలో ఒక్కరూ బిందె ముంచలేదు.

ఆయన పోయాక ఇంకో బండి వచ్చింది, ఇంకో డ్రైవరు వచ్చాడు. ట్యాంకు నిండా తెస్తున్నాడు. ఊరు సంతోషంగా ఉంది. కానీ మమ్మల్ని మా తొందర నుంచి కాపాడుతూ, మా తిట్లు తింటూ, మా కోసమే రెండు మార్లు తిరిగిన మనిషి మళ్లీ రాడు. ఆయన స్మృతికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆయన లోటు ఎవరూ తీర్చలేరు.

మొన్న ఓబులేసన్న భార్య రమణమ్మ వదిన నన్ను పిలిచి అడిగింది: "అందరూ అంటాండారు. ఆయప్పే గాలి ఎక్కువ పట్టించుకుని చచ్చిపోయినాడంట గదా. నిజమేనా అప్పా? అంత తెలిసినోడు నన్ను ఇట్ల ఎందుకు చేసినాడు?" భర్త పోయిన దుఃఖం చాలక, భర్త మీద కోపం కూడా పెట్టారు ఆమెకు. నేను కాదని చెప్పాను. కాంట్రాక్టరు మైకులో చెప్పిన మాట ముందు నా మాట ఆమెకు ఆనలేదు.

కాబట్టి అడుగుతున్నాను. జీపు టైర్లు నీళ్ల బండికి ఎక్కించమన్నది ఎవరు? ట్యాంకు నింపమన్నది ఎవరు? గాలి వదిలిన చెయ్యి ఎవరిది? నాకు చెప్పనక్కరలేదు, నాకు మర్యాద ఇవ్వడం మీకు అలవాటు లేదు. ఆ చెయ్యి గలవాడు వచ్చి, రమణమ్మ వదిన ముఖం చూసి చెప్పాలి. అతను వచ్చేదాకా నేను ఆమె అరుగు మీదనే కూర్చుని ఉంటాను.