మెంబరప్పకు పెద్ద అక్షరం

బాగేపల్లి బస్టాండు ఎదురుగా హేమావతికి చిన్న డీటీపీ అంగడి ఉంది. ఆమె వేసే పెండ్లి కార్డుకు ఒక పక్క కన్నడం, ఇంకో పక్క ఇంగ్లీషు. ఇంగ్లీషు పక్కను చదివేవాళ్లు తక్కువ, కొలిచేవాళ్లు ఎక్కువ. ఎవరి పేరు పైనుంది, ఎవరి హోదా పెద్ద అక్షరంతో, అంటే క్యాపిటల్‌తో, మొదలైంది, ఇవే చూస్తారు.

హేమావతి ఇంగ్లీషు కాలేజీలో కన్నా బోండాలు చుట్టిన పేపర్లలో ఎక్కువ నేర్చుకుంది. పొట్లం విప్పితే బోండా చల్లారేదాకా కాగితమే చదువుతుంది. అలా చదివి ఒక పద్ధతి పట్టుకుంది. హోదా పేరుకు ముందు వస్తే పెద్ద అక్షరం, పేరు తర్వాత వస్తే చిన్నది. సంఘం పేరు పూర్తిగా రాస్తే పెద్దది, ఉత్త సంఘమంటే చిన్నది.

"పని ఎవురైనా చేస్తారప్పా. పేరొగటే మనది, పెద్దచ్చరం దానికే" అని ఓపిగ్గా చెబుతుంది.

"నువ్వు చెప్పేది నిజమేమ్మా. మాకు మాత్రం పెద్దదే వెయ్" అంటారు వచ్చినవాళ్లు.

ఈ వేసవిలో చాకవేలు ఊరి ప్రేమమ్మ కూతురి పెండ్లి కార్డు వేసింది. ప్రేమమ్మ అన్న వెంకటేశప్ప ఒకప్పుడు పంచాయితీ మెంబరు. ఆయన పేరు రాసి, పక్కన చిన్న అక్షరంతో మెంబరు అని పెట్టింది. పసుపు పూసిన మొదటి కార్డు మేనమామకే ఇవ్వాలి. ఇచ్చిన సాయంత్రమే అది తిరిగొచ్చింది.

ప్రేమమ్మ కార్డు పట్టుకుని అంగడికొచ్చింది. "మా అన్న పెండ్లికి రాడంటమ్మా. పెద్ద అచ్చరమోణ్ని ఎవుర్నన్నా పిల్సుకోండి అన్నాడు. పిల్లను మంటపానికి ఎవురు పిల్సుకోని రావల్ల?"

హేమావతికి ఆ రోజు బోండా కూడా సయించలేదు. మరుసటి ఉదయం చాకవేలు బస్సెక్కింది. దిగి, టీ అంగడి గంగప్పను అడిగింది.

"వెంకటేశప్పోళ్ల ఇల్లు యాడప్పా?"

"ఆ పేరుతో ఎవురూ లేరే ఈ ఊర్లో."

"ప్రేమమ్మ వాళ్లన్న. మెంబరుగా ఉండె గదా."

"అట్ల చెప్పు, మెంబరప్ప అని. ఓడిపోయి శానా ఏండ్లాయ. ఆయప్పను పేరు పెట్టి పిల్చేది వాళ్లమ్మ ఒగతే. ఆయమ్మ పోయినంక నేనూ ఆ పేరు మర్సిపోతి."

"ఇప్పుడుండే మెంబరును ఏమంటారు?"

"ఏమంటాము, మునికృష్ణా అంటాము."

వెంకటేశప్ప అరుగు మీద శెనక్కాయలు వలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఓడినోడని చిన్నది యేస్తివి కదమ్మా" అన్నాడు.

"లేదప్పా. మెంబరంటే నీ పని అనుకుంటి. ఊర్లోకొచ్చి అడిగితే అది నీ పేరంట. పేరుకు పెద్దచ్చరమే వెయ్యల్ల. తప్పు నాదే."

ఆయన అప్పుడు తల ఎత్తాడు.

"మరి మునికృష్ణకు?"

"ఆయప్పది పనే కదప్పా. చిన్నదే."

వెంకటేశప్ప గుప్పెడు పప్పు ఆమె చేతిలో పోశాడు. "అది వానికి చెప్పే పని నాది" అన్నాడు.

కొత్త కార్డులో మెంబర్ వెంకటేశప్ప అని పడింది. పెండ్లినాడు ఆయన మేనకోడలిని చేయి పట్టుకుని మంటపానికి తీసుకొచ్చాడు. చొక్కా జేబులో కార్డు, ఇంగ్లీషు పక్క బయటికి కనిపించేలా పెట్టుకున్నాడు.

వారం తిరక్కుండా ఇప్పటి మెంబరు మునికృష్ణ అంగడికొచ్చాడు. తనకూ ఆ అక్షరం కావాలన్నాడు.

"ముందు ఊరోళ్లను అట్ల పిల్వమనప్పా" అంది హేమావతి.

"గెలిచినోణ్ని అట్ల ఎవురు పిలుస్తారమ్మా, ఓడినోణ్నే గదా" అని ఆయన బెంచీ మీద కూర్చున్నాడు.