శనివారం నాడు తిన్న చేప

అబద్ధం రాశాను. గద్వాలలో కొరియా తిండి దుకాణం నడిపిన శివలీల, శనివారం పూట నాకు చెప్పకుండా చేప తినిపించిందని నా చేత్తో రాసి, కింద సంతకం పెట్టి ఊరి మీదికి వదిలాను. ఆమె చెప్పింది. నేను విన్నాను. విని తిన్నాను.

ఐదేళ్లుగా ఈ మాటలు నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, ఉమ్మలేదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. మీ ముందు తల వంచుకుని నిలబడతానని మాత్రం అనుకోకండి. తప్పు నాది. కోపమూ నాదే, అది ఇంకా చల్లారలేదు. రెండూ చెబుతాను.

నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే వయసులో, జరీ పొట్లాలకు చుట్టి వచ్చిన పాత పేపరు ముక్కల మీద ఒక్కో అక్షరం కూడబలుక్కుని తెలుగు నేర్చుకున్నాను. పింఛను ఆగిపోయినా, గోడ తగాదా వచ్చినా మా వీధివాళ్లు అర్జీ నా చేతే రాయించుకునేవారు. నలభై ఏళ్లు రాశాను. లేనిది ఉన్నట్టు ఒక్క ముక్క రాయలేదు. రాయమని బతిమాలినవాళ్లను గడప దింపాను. "ఆయన రాసిండంటే అయ్యుంటది" అన్న పేరు అట్లా వచ్చింది.

ఇంగ్లీషు మాత్రం రాదు. రాదని ఎవరికీ చెప్పలేదు. మందు చీటీ చేతికిస్తే కళ్లజోడు సవరించుకుని, కింది దాకా చూసి, తల ఊపి తిరిగి ఇచ్చేవాణ్ణి. అంత తెలుగు నేర్చినవాణ్ణి, "ఇది నాకు రాదు" అనే చిన్న మాట ఎందుకు నేర్చుకోలేకపోయాను?

శివలీలది ఇటిక్యాల దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు. హైదరాబాదులో ఒక కొరియా హోటలు వంటింట్లో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ విద్య నేర్చుకుని, సొంత జిల్లాలో సొంతంగా నిలబడాలని గద్వాలకు వచ్చింది. ఒక గది, నాలుగు బల్లలు. ఫోన్లలో కొరియా సీరియళ్లు చూసే కాలేజీ ఆడపిల్లలు సాయంత్రమైతే అక్కడే. ఊరంతా దాని ముచ్చటే. ఊళ్లో కొత్తది వచ్చి నాకు తెలియకుండా ఉండడమా? వెళ్లాను. అది శనివారమని నాకు తెలుసు. నలభై ఏళ్లుగా శనివారం నీచు ముట్టనివాణ్ణి. పొద్దున పెట్టుకున్న నామం నుదుటి మీద అట్లాగే ఉంది. కూరగాయలదేదో ఒకటి ఉండకపోతుందా అనుకున్నాను.

కార్డు చేతికిచ్చింది. మొత్తం ఇంగ్లీషు. పక్క బల్ల దగ్గర ముగ్గురు అమ్మాయిలు రెండు పుల్లలతో ఎర్రటిదేదో పట్టుకు తింటూ నన్నే చూస్తున్నారు. ఒక వరస మీద వేలు పెట్టి, "ఇది తే" అన్నాను.

ఆమె నా వేలు వైపు చూసింది. పక్క బల్ల వైపు చూసింది. తర్వాత వంగి, మెల్లగా అడిగింది.

"ఆ పిల్లలు తింటున్నరు గద, గా ఎర్రదేనా పెద్దయ్యా?"

"ఆఁ, అదే."

"అండ్ల చేప పడ్తది. చేపను రొట్టెలెక్క వత్తి, కోసి ఏస్తం. ఇయ్యాల శనివారం గద. చేప లేకుంట చేసియ్యాల్నా? జర సేపే పడ్తది."

"నాకు తెల్వదా? చదివే చెప్పిన. రాసినట్టే పట్కరా."

అంతే. ఆమె నాకు దారి చూపింది. "సరేనమ్మా" అంటే అయిపోయేది. కానీ సరే అంటే చదవలేదని ఒప్పుకున్నట్టే కదా! ముగ్గురు పిల్లల ముందు ఆ ఒక్క మాట అనలేక, నలభై ఏళ్ల నియమాన్ని గిన్నెలో పెట్టుకు తిన్నాను. బియ్యప్పిండి కడ్డీలు, మిరప గుజ్జు, మధ్యలో చేప ముక్కలు. వాంతి చేసుకున్నానని తర్వాత రాశాను. అదీ అబద్ధమే. బాగుంది. గిన్నె అడుగు దాకా తిన్నాను.

సగంలో ఉండగా నర్సింలు వచ్చాడు. నాతో పాటు శనివారం భజనలో తాళాలు వాయించేవాడు. మనవరాలికి పార్సిలు కట్టించడానికి వచ్చి నన్ను చూశాడు, నా గిన్నెను చూశాడు.

"ఓయన్నా! నోట్ల చేప, నొసట నామమా? మా పిల్ల రోజు తినేది గదే. ఇగ భజన్ల గూడ చేపలు పంచుదాం తియ్!"

గదంతా నవ్వింది. ఆ పిల్లలూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. "చేపనా? ఈమె నాకు చెప్పనే లేదు!" అన్నాను. ముందు అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోవడానికి నాకు ఆ గదిలోనే బోలెడు సమయం ఉంది. శివలీల గరిటె పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది. నేను ఆ మాట వెనక్కి తీసుకోకుండానే డబ్బులు బల్ల మీద పెట్టి బయటికి నడిచాను.

ఆ రాత్రితో ఊరుకుని ఉంటే అది నోరు జారడం. మర్నాడు పొద్దున స్నానం చేసి, కాగితం తీసి, మార్జిను గీసి రాశాను చూడండి, అది నేరం. భక్తుల నోట్లో నీచు పెట్టే దుకాణమన్నాను. మంచి తెలుగులో రాశాను. నా జీవితంలో అంత బాగా రాసిన అర్జీ ఇంకొకటి లేదు. దాన్ని భజన చేసే గుడి గోడకు అంటిస్తే, ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికి అది ప్రతి ఫోనులో ఉంది. "చెప్పి ఇచ్చిన" అని ఆమె వచ్చినవాళ్లందరికీ చెప్పిందట. ఎవరు వింటారు? నేను రాశాను కదా. పిల్లల్ని తల్లిదండ్రులు పంపడం మానేశారు. ఆ గది యజమానిదీ శనివారం నియమమే. నెల తిరక్కముందే ఖాళీ చేయించాడు.

ఇప్పుడు మీ సంగతి. నా అర్జీని వేలితో తోసి పదిమందికి పంపినవాళ్లు, ఆమె దగ్గరికి పోయి "ఏమైందమ్మా" అని ఒక్కరైనా అడిగారా? ఆ బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురు పిల్లల్ని ఎవరైనా పిలిచి అడిగారా? అబద్ధం రాసింది నేనొక్కణ్ణి. మోసింది ఊరంతా. మీ పాలు మీరు తీసుకోండి, నాది నేను తీసుకుంటున్నాను. ఇంకో మాట. గద్వాలవాళ్లకు పెట్టే తిండికి ఇంగ్లీషు కార్డు ఎందుకు అని అప్పుడు లోపల అనుకున్నాను, ఇప్పుడు పైకి అడుగుతాను. ఆ ప్రశ్న న్యాయమైనదే. నా అబద్ధానికి దాన్ని సాకుగా తెచ్చుకుంటే మాత్రం అది రెండో అబద్ధం. ముసలితనం మీద కూడా తోసెయ్యను. అర్జీ రాసిన చేయి వణకలేదు.

ఆ తర్వాత అర్జీలు మానేశాను. కళ్లు కనబడట్లేదని చెప్పాను. కళ్లు బాగానే ఉన్నాయి. ఎవరైనా "నువ్వు రాస్తే నమ్ముతరు" అనగానే కలం దించేసేవాణ్ణి. అది ప్రాయశ్చిత్తమా? కాదు. భయం.

శివలీల వనపర్తిలో కాలేజీల దగ్గర బండి పెట్టుకుందని ఈ మధ్య నర్సింలు మనవరాలు చెప్పింది. ఆ పిల్ల అక్కడే చదువుతోంది. నేను బస్సెక్కి పోలేదు. ఆమె తిడుతుందని కాదు. "కూసో పెద్దయ్యా" అని ఏదైనా తినబెడుతుందేమోనని. అందుకని ఉన్నదున్నట్టు రెండు పేజీలు రాసి, అంటించి, ఆ పిల్లకిచ్చి పంపాను. ఇంగ్లీషు రాదని కూడా రాశాను. ఆ వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది. ఏం కావాలో చెప్పు, చేస్తానన్నాను. మాఫ్ చెయ్యమని అడగలేదు. అడిగే మొహం లేక కాదు. అడిగితే ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది.

నెలకు జవాబు వచ్చింది. అది చదివితే, ఇది మీకు ఎందుకు రాస్తున్నానో నేను చెప్పక్కర్లేదు.

"పెద్దయ్యా, మీరు ఆ దినం వేలు పెట్టింది తిండి పేరు మీద కాదు, పార్సిలు గురించి రాసిన కాడ. మీకు సదవరాదని అప్పుడే నాకు ఎరుకైంది. నలుగురిల మీ మర్యాద పోవద్దని మెల్లగ అడిగిన. ఆ ముచ్చట బయట పెట్టి ఉంటే నా దుకాణం నిలబడుతుండె. పెట్టలె. దానికి ఒక్కోపారి నా మీద నాకే కోపమొస్తది. మీరు రాసిందంత నిజమే. కానీ నాకెందుకు రాసిండ్రు? నాకు తెల్సిందే గద. తెల్వనోళ్లకు రాయుండ్రి."