వాన పడని మైదానంలో బురద

ఇంట్లో వస్తువు కనబడకపోతే దయ్యం ఎత్తుకుపోయిందనే వాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. సరిగ్గా వెతకలేదు, అంతే. డెబ్బై ఒకటో ఏట కూడా నా అభిప్రాయం మారలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇక్కడ అమెరికాలో ఒక ఫుట్‌బాల్ జట్టు లాండ్రీలో పద్నాలుగేళ్లు పనిచేశాను. ఏ రోజు ఎన్ని బట్టలు వచ్చాయో, దేనికి ఏ మరక ఉందో నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఆ తేదీ కూడా అందులో ఉంది. ఇక్కడ వేస్తే ఆ మనిషెవరో తెలిసిపోతుంది కనుక వేయడం లేదు. డాన్ అన్నది అసలు పేరు కాదు.

ఇక్కడి ఫుట్‌బాల్ చేతులతో ఆడేది. అందులో బంతి విసిరి జట్టును నడిపేవాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతనికి దెబ్బ తగిలితే దిగడానికి ఇంకొకడు గీత అవతల సిద్ధంగా ఉంటాడు. డాన్ ఆ రెండోవాడు. పదకొండేళ్లుగా, నాలుగు జట్లలో, అదే పని. మా దగ్గర మూడేళ్లున్నాడు. లెక్కలోకి వచ్చే ఆటలో ఒక్కసారీ దిగలేదు. ఆడేవాళ్ల హెల్మెట్ బదులు టోపీ పెట్టుకుని నిలబడేవాడు. అయినా అతని జెర్సీ మిగతావాటితో పాటు మిషన్‌లో పడాల్సిందే.

"ఆడనివాడి చొక్కా ఉతకడం ఏమిటమ్మా! మడిబట్టలా దండెం మీద వేసెయ్," అని మా అమ్మాయి నవ్వేది.

సోమవారాలు డాన్ తన సంచి కోసం తనే వచ్చేవాడు. వాళ్ల నాన్న ఒహాయోలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఉండేవాడు. ఊపిరితిత్తుల జబ్బు. ప్రతి ఆదివారం టీవీ ముందు కూర్చునేవాడట.

"ఆట అవగానే ఫోన్ చేస్తాడు, మిస్ లక్ష్మీ. 'ఏరా, ఇంకా ఆ టోపీ తీయలేదా?' అంటాడు."

ఆయన శీతాకాలం దాటడని డాక్టర్లు చెప్పాక డాన్ ఈ జోక్ చెప్పడం మానేశాడు. ఆ సీజన్ తర్వాత తనను ఏ జట్టూ తీసుకోదని అతనికి తెలుసు. ఆయన చూస్తుండగా ఒక్కసారి దిగాలి. అతను కోరుకున్నది అంతే.

ఆ ఆదివారం మధ్యాహ్నం దిగబోయాడు కూడా. మావాళ్లు చాలా ముందున్నారు, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట ఉంది. గెలుపు ఖాయమైతే రెండోవాణ్ని దింపడం మామూలే. అతను టోపీ తీసి చేయి సాగదీసుకోవడం లాండ్రీ గది టీవీలో చూశాను. అంతలో అవతలివాళ్లు వెంటవెంటనే రెండుసార్లు పాయింట్లు కొట్టారు. కోచ్ ఆగమని చేయి చూపించాడు. డాన్ మళ్లీ టోపీ పెట్టుకున్నాడు.

సాయంత్రం నలభై ఎనిమిది జెర్సీలు వచ్చాయి. డాన్‌ది తీస్తే ఎడమ భుజం నుంచి నడుము దాకా బురద. తడి బురద, అందులో గడ్డిపోచలు. మా స్టేడియానికి పైకప్పు ఉంది, కింద ప్లాస్టిక్ గడ్డి. మిగతా నలభై ఏడింటికీ చెమట, మైదానం గీతల రంగు, రక్తం తప్ప మట్టి లేదు. బయట ప్రాక్టీసు మైదానం ఆ వారమంతా గడ్డకట్టి రాయిలా ఉంది. నంబరు, లోపలి చీటీ మీద పేరు రెండుసార్లు చూసి పుస్తకంలో రాశాను.

అలసటలో కళ్లు మోసం చేస్తాయంటారు. నిజమే, ఆ సాయంత్రం నా మోకాళ్లు నిలబడనివ్వలేదు. కానీ అలసట నీళ్లను గోధుమరంగు చేయదు. ఎవరిదో వెకిలి వేషం అనుకుని, మూడు నీళ్లు మార్చి ఉతికేశాను.

మర్నాడు డాన్ వచ్చాడు. "నిన్న ఎక్కడ పడ్డావు నాయనా? భుజమంతా బురద," అని నేనే ముందు అడిగాను. అప్పటికి అతనింకా ఏమీ చెప్పలేదు. ఈ వరస ముఖ్యం.

"ఏ భుజం?"

"ఎడమది."

అతను బల్ల మీద కూలబడ్డాడు. నాన్న నిన్న ఆట జరుగుతుండగానే పోయాడని చెప్పాడు. చివరి నిమిషాల్లో ఆయన టీవీ వైపు చూస్తూ చప్పట్లు కొట్టాడట. "దిగాడు మావాడు. ఎంత వానో చూడమ్మా. అయ్యో, ఎడమ భుజం మీద పడ్డాడు... లేచాడు, లేచాడు," అని పక్కనున్న నర్సుతో అన్నాడట. టీవీలో వాన లేదు. మందుల మత్తు అనుకుందామె.

మత్తు ఆయనకు. బురద అంటింది నా చేతులకు.

డాన్ జెర్సీ మడత విప్పి కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. ఎడమ భుజం తడిమి చూశాడు.

"మొత్తం పోయిందా, మిస్ లక్ష్మీ?"

"పోయింది నాయనా," అన్నాను. పద్నాలుగేళ్లలో ఆ మాట సిగ్గుపడుతూ చెప్పింది ఆ ఒక్కసారే.